మూతపడబోతున్న ఫుట్‌బాల్ క్లబ్‌కు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? ఎవరికి ఏ దారి నయం?

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తయారు చేసిన ఆ జట్టు వెనక ఒక ప్రభుత్వ శాఖ ఉంది, ఆటగాళ్లకు ఉద్యోగాలున్నాయి, నెలనెలా జీతాలున్నాయి. ఈరోజు బొల్లారంలోనో బార్కస్‌లోనో, విశాఖలోనో లీగ్ ఆడే చిన్న క్లబ్‌కు అలాంటి అండ ఏదీ లేదు. సెక్రటరీ జేబు, నలుగురు పాత ఆటగాళ్ల మొహమాటం, ఒక వాట్సాప్ గ్రూపు. వీటి మీదే బండి నడుస్తుంది. ఎప్పుడో ఒక సీజన్‌లో గ్రౌండ్ అద్దె కట్టలేక ఆగిపోతుంది.

అలా ఆగిపోయే ముందు కమిటీ మీటింగ్‌లో తలా ఒక మాట అంటారు. ఒకరు స్పాన్సర్‌ని పట్టుకుందామంటారు, ఒకరు ఆన్‌లైన్‌లో చందాలు అడుగుదామంటారు, ఇంకొకరు అమెరికాలో ఉన్న బావమరిది పేరెత్తుతారు. అందరి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంటుంది. కాకపోతే ఒక్కో దారి ఒక్కో రకం కష్టానికే పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: పాత బాకీయా, నెలనెలా లోటా?

ఈ రెండూ వేరు. పాత బాకీ అంటే ఒకసారి తీరిస్తే పోయేది: గ్రౌండ్ అద్దె బకాయి, కిట్ల దుకాణంలో ఖాతా, కోచ్‌కు ఆపేసిన మూడు నెలల జీతం. నెలనెలా లోటు అంటే ఈరోజు తీర్చినా వచ్చే నెల మళ్లీ తలుపు తట్టేది. ఒక్కసారి వచ్చే డబ్బుతో నెలవారీ లోటు పూడ్చిన క్లబ్ ఏడాది తిరక్కుండానే మొదటికొస్తుంది. పైగా రెండోసారి అడిగితే ఇచ్చేవాళ్లు ఉండరు.

లెక్క కోసం ఒక క్లబ్‌ను ఊహించుకుందాం. ఏడాదికి గ్రౌండ్, టర్ఫ్ అద్దె 1,20,000 రూపాయలు. పార్ట్‌టైం కోచ్‌కు నెలకు 15,000 చొప్పున 1,80,000. బంతులు, జెర్సీలు, నెట్లు 70,000. లీగ్ ఎంట్రీ, రిఫరీ ఫీజులు 40,000. ఆటోలు, వ్యాన్లు, అరటిపళ్లు, గ్లూకోజ్ 60,000. దెబ్బలు, టేపులు, ఫిజియో 30,000. మొత్తం 5 లక్షలు, అంటే నెలకు సుమారు 42,000. మీ క్లబ్‌ అంకెలు వేరే ఉంటాయి. ముందు అవి కాగితం మీద పెట్టండి. మీటింగుల్లో గొడవలు సగం ఈ కాగితం లేకే వస్తాయి.

తర్వాత ప్రతి దారినీ ఈ ఐదు ప్రశ్నలతో చూడండి. డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుంది? వచ్చే ఏడాది కూడా వస్తుందా? మనవాళ్లు ఎంత తిరగాలి? డబ్బు ఇచ్చినవాళ్లు పెత్తనం అడుగుతారా? రిజిస్ట్రేషన్లు, ఆడిట్ల బెడద ఎంత?

| దారి | చేతికొచ్చే సమయం | మళ్లీ వస్తుందా | శ్రమ | పెత్తనం | కాగితాల పని |
|---|---|---|---|---|---|
| సభ్యత్వ చందా | నెల రోజుల్లో మొదలు | వస్తుంది, అడుగుతూ ఉంటే | ఎక్కువ | సభ్యులదే | తక్కువ |
| పిల్లల కోచింగ్ | రెండు మూడు నెలలు | వస్తుంది | చాలా ఎక్కువ | క్లబ్‌దే | మధ్యస్థం |
| స్థానిక స్పాన్సర్లు | వారాలు | చెప్పలేం | మధ్యస్థం | కొంత | తక్కువ |
| సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు | ఏడాది పట్టొచ్చు | రెండు మూడేళ్లు | ఎక్కువ | ప్రాజెక్టు వరకు | చాలా ఎక్కువ |
| ఆన్‌లైన్ విరాళాలు | వారాలు | రాదు | మధ్యస్థం | లేదు | మధ్యస్థం |
| టోర్నమెంట్ | సీజన్‌ను బట్టి | ఏడాదికోసారి | చాలా ఎక్కువ | లేదు | మధ్యస్థం |
| ఎన్నారై సాయం | త్వరగానే | కొందరి నుంచి | తక్కువ | కొంత | జాగ్రత్త పడాలి |

సభ్యత్వ చందా

అందరూ చిన్నచూపు చూసేదీ, నా లెక్కలో ముందుండాల్సిందీ ఇదే. వందమంది నెలకు 200 ఇస్తే 20,000. పైన చెప్పిన క్లబ్ ఖర్చులో దాదాపు సగం. అయితే వందమంది పేర్లు రాసుకుంటే వందమందీ కట్టరు. అరవైమంది కడతారని, 12,000 వస్తుందని అనుకుని బడ్జెట్ వేసుకోండి.

వంద పేర్లు ఎక్కడి నుంచి వస్తాయంటారా? ఇప్పుడు ఆడుతున్నవాళ్లు పాతికమంది, వాళ్ల ఇళ్లవాళ్లు, ఒకప్పుడు ఈ జెర్సీ వేసుకుని ఇప్పుడు బ్యాంకులోనో ఐటీలోనో ఉన్నవాళ్లు, గ్రౌండ్ పక్క కాలనీవాళ్లు. పాత ఆటగాళ్ల జాబితాతో మొదలుపెట్టండి. ఒకప్పుడు ఫైనల్లో పెనాల్టీ మిస్ చేసినవాడు అందరికంటే ముందు కడతాడు, అదేం విచిత్రమో గానీ.

ఇంగ్లండ్‌లో ఎక్సెటర్ సిటీ క్లబ్‌ను 2003 నుంచి అభిమానుల ట్రస్టే నడుపుతోంది. 2005 జనవరిలో ఆ జట్టు ఎఫ్ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల గడ్డ మీదే 0-0తో నిలువరించింది. డ్రా అయినందుకు మళ్లీ ఆడిన మ్యాచ్‌లో (రీప్లే) ఓడింది కానీ ఆ రెండు మ్యాచ్‌ల రాబడితో పాత అప్పుల భారం దిగింది. అది అదృష్టం. ఆ తర్వాత ఇన్నేళ్లు క్లబ్ నిలబడడానికి మాత్రం క్రమం తప్పకుండా చందా కట్టే సభ్యులు కావాలి. బాకీకి ఒక డబ్బు, నెలవారీ లోటుకు ఇంకో డబ్బు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

చందా ఆగిపోవడానికి పెద్ద కారణం డబ్బు లేకపోవడం కాదు, లెక్క చెప్పకపోవడం. నెల మొదటి వారంలో గ్రూపులో నాలుగు లైన్లు పెట్టండి: పోయిన నెల ఎంత వచ్చింది, ఎంత పోయింది, బంతులు ఎన్ని కొన్నాం, ఎవరికి ఎంత బాకీ. దానికింద మ్యాచ్ ఫొటో ఒకటి. కట్టనివాళ్ల పేర్లు మాత్రం గ్రూపులో పెట్టొద్దు. కడదామనుకున్నవాడు కూడా ముఖం చాటేస్తాడు. యూపీఐ ఆటోపే పెట్టించగలిగితే సగం తలనొప్పి తగ్గుతుంది. డబ్బు సెక్రటరీ సొంత నంబరుకు కాకుండా క్లబ్ ఖాతాకే పోవాలి. ఖాతా కావాలంటే సొసైటీగా నమోదు కావాలి. తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు.

పిల్లల కోచింగ్

నలభైమంది పిల్లలు నెలకు 1,000 కడితే 40,000. అదనపు కోచ్‌కు 15,000, బంతులు, కోన్లకు 5,000 పోతే 20,000 మిగులుతుంది. సభ్యత్వ చందా 12,000 దీనికి కలిస్తే 32,000. ఇక నెలకు 10,000 లోటు. అది ఇద్దరు ముగ్గురు దుకాణదారులతో పూడేదే.

వినడానికి బాగుంది కదా. ఇందులో చిక్కులు రెండు. ఒకటి, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా గ్రౌండ్ మీ చేతిలో ఉండాలి. మున్సిపల్ గ్రౌండ్‌లో ఆ వేళకు నాలుగు క్రికెట్ పిచ్‌లు అప్పటికే పడి ఉంటాయి. రెండు, పిల్లల తల్లిదండ్రులు ఫీజు కట్టాక క్లబ్ తీరు మారుతుంది. వర్షం పడితే ఫోన్లు, పరీక్షలప్పుడు ఫీజు తగ్గించమని ఫోన్లు, మా వాణ్ణి జట్టులో ఎందుకు ఆడించలేదని ఫోన్లు. ఇవి ఎత్తడానికి ఒక మనిషి కావాలి. అలాంటివాళ్లు లేని క్లబ్ ఈ దారిలోకి దిగితే సీనియర్ జట్టు ప్రాక్టీస్ కూడా చెడుతుంది. మే నెల సమ్మర్ క్యాంప్‌తో రుచి చూసి, నిలదొక్కుకుంటే జూన్ తర్వాత కొనసాగించడం మేలు.

పేద పిల్లల మాట కూడా ముందే అనుకోండి. మన దగ్గర ఫుట్‌బాల్ బస్తీల్లో పుట్టింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు. ఫీజు కట్టగలిగే వాళ్లకే గ్రౌండ్ గేటు తీస్తే రేపటి సీనియర్ జట్టుకు ఆటగాళ్లే దొరకరు. పది సీట్లు ఉచితంగా పెట్టి, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

స్థానిక స్పాన్సర్లు

స్వీట్ షాపు, డయాగ్నస్టిక్ సెంటర్, రియల్ ఎస్టేట్ ఆఫీసు, బిర్యానీ హోటల్. ఇక్కడ డబ్బు త్వరగా వస్తుంది, త్వరగానే పోతుంది. ఎందుకు పోతుందో ఈ సంభాషణలో ఉంది. ఇలాంటిది సీజన్‌కు ముందు ఏ షాపు ముందు నిలబడ్డా వినపడుతుంది.

"అన్నా, ఈసారి కూడా జెర్సీ మీద మన షాపు పేరే ఏద్దామనుకుంటున్నం."

"ఏస్తరు తమ్మీ, ఏస్తరు. పోయినేడు ఇరవై వేలిచ్చిన. ఒక్క ఫొటో అన్న పంపినవా?"

అంతే. దుకాణదారుడికి ఇంప్రెషన్లు, రీచ్‌లు అక్కర్లేదు. కౌంటర్ వెనక గోడకు తగిలించుకునే ఫ్రేము కట్టిన టీమ్ ఫొటో, ఫైనల్ రోజు స్టేజి మీద కుర్చీ, తన చేత్తో ట్రోఫీ ఇచ్చే అవకాశం కావాలి. ఇవి ఇస్తే మళ్లీ ఏడు అడక్కుండానే ఇస్తాడు.

ఒకే స్పాన్సర్ మీద మొత్తం భారం పెట్టొద్దు. ఒకరు 1 లక్ష ఇస్తామంటే సంతోషమే, కానీ అదే లక్ష ఐదుగురి నుంచి వస్తే రాత్రి నిద్ర పడుతుంది. ఒకరిద్దరి చేతిలో ఉన్న క్లబ్ ఏమవుతుందో మనం కళ్లారా చూశాం. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది. ఏడాదిన్నర తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. యాజమాన్యం మారింది, 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. దేశంలో నంబర్ వన్ అయిన జట్టుకే దిక్కు లేకపోతే గల్లీ క్లబ్ సంగతి చెప్పాలా?

రాజకీయ నాయకుల డబ్బు గురించి ఒక్క మాట. ఎన్నికల ముందు ఏడాది జెర్సీలు దండిగా వస్తాయి. తీసుకోవాలో వద్దో మీ ఇష్టం. ఆ నాయకుడు ఓడితే గ్రౌండ్ అనుమతి ఎవరి చేతిలో ఉంటుందో మాత్రం ఆలోచించి తీసుకోండి.

సీఎస్ఆర్ నిధులు

కంపెనీల చట్టం 2013 ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. ఆ పనుల జాబితాలో గ్రామీణ, జాతీయ గుర్తింపు ఉన్న, ఒలింపిక్ క్రీడల్లో శిక్షణ ఉంది. ఇది చూసి చాలా క్లబ్‌లు ఆశపడతాయి.

జాబితాలో ఉన్నది శిక్షణ అని గమనించండి. మీ సీనియర్ జట్టు లీగ్ ఖర్చులకు ఈ డబ్బు రావడం కష్టం. జెర్సీ మీద లోగో వేసి ప్రచారం చేస్తామంటే అది సీఎస్ఆర్ కింద చెల్లదు. ఒక్కరోజు టోర్నమెంట్‌కూ అంతే. పైగా క్లబ్‌కు ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థ రాబడికి పన్ను మినహాయింపు), 80జి (దాతకు మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, కంపెనీల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉండాలి. ఇవన్నీ ఉండి, బస్తీ ఆడపిల్లలకు రెండేళ్ల శిక్షణ లాంటి ప్రాజెక్టు రాసుకోగలిగితే ఇదే అన్నింటికన్నా పెద్ద డబ్బు. ఈ సీజన్ గట్టెక్కడానికి మాత్రం ఇది పనికిరాదు.

చాలామంది ఆలస్యంగా తెలుసుకునే మెలిక ఒకటుంది. 80జి ఉంటే దాతకు, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, మినహాయింపు దొరుకుతుంది. 2,000 దాటిన నగదు విరాళానికి దొరకదు. కానీ ఇలాంటి ప్రజోపయోగ సంస్థలకు వ్యాపార తరహా రాబడి, మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది. కోచింగ్ ఫీజులు, స్పాన్సర్ డబ్బు అటు లెక్కలోకి వస్తే మీ హోదాకే ఎసరు. పైన వేసిన లెక్కలో క్లబ్‌కు పిల్లల ఫీజే ఏడాదికి 4,80,000. అంటే ఫీజుల మీద బతికే క్లబ్‌గా ఉంటారా, విరాళాల మీద బతికే సంస్థగా ఉంటారా అన్నది మొదట్లోనే ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు పెడితే నోటీసు వచ్చినప్పుడు టెన్షన్ సెక్రటరీకే.

ఆన్‌లైన్ విరాళాలు

మిలాప్, కెట్టో లాంటి వేదికలు వైద్య ఖర్చులకు ఎక్కువ పేరు పడ్డాయి. పక్కనే ఆపరేషన్ కావాల్సిన పసిపిల్ల ఫొటో ఉంటే మీ గోల్‌పోస్టుల కోసం ఎవరు ఇస్తారు? అందుకే ఇక్కడ "క్లబ్‌ను కాపాడండి" అంటే డబ్బు రాదు. "అక్టోబరు 15లోగా గ్రౌండ్ బకాయి 90,000 కట్టాలి, లేకపోతే లీగ్ నుంచి తప్పుకోవాలి" అంటే వస్తుంది. అంకె, గడువు, ఏం పోతుందో స్పష్టంగా చెప్పాలి. మొదటి మూడోవంతు మీ సొంతవాళ్ల నుంచి వచ్చాకే బయటివాళ్లకు పంపండి. సున్నా దగ్గర ఉన్న పేజీకి ఎవరూ డబ్బు వేయరు. వేదిక రుసుము, గేట్‌వే చార్జీ పోగా చేతికి ఎంతొస్తుందో ముందే చూసుకోండి.

జర్మనీలో సెయింట్ పౌలి 2003లో మూడో డివిజన్‌కు పడిపోయి దివాళా అంచున ఉన్నప్పుడు "రక్షకుడు" అని రాసిన టీషర్టులు లక్షకు పైగా అమ్మింది. బయర్న్ మ్యూనిక్ వచ్చి వాళ్లకోసం ఒక మ్యాచ్ ఆడింది. లండన్‌లో క్లాప్టన్ కమ్యూనిటీ అనే చిన్న క్లబ్ 2018లో 1930ల నాటి స్పెయిన్ రిపబ్లిక్ జెండా రంగుల జెర్సీ తెస్తే స్పెయిన్ నుంచి వేలల్లో ఆర్డర్లు వచ్చాయి. వాటి వెనక ఊరు దాటిన కథ ఉంది. మీ జెర్సీకి అలాంటి కథ లేకపోతే రెండొందలు కుట్టించి నూటయాభై బీరువాలో పెట్టుకోవాల్సి వస్తుంది. ముందు ఆర్డర్లు, డబ్బులు తీసుకుని తర్వాతే కుట్టించండి.

షేర్లు అమ్మే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. స్పెయిన్‌లో రియల్ ఒవియెడో 2012లో ఒక్కో షేరు 10.75 యూరోలకు ప్రపంచమంతా అమ్మింది; ఒకప్పుడు అక్కడే ఆడిన కజోర్లా, మాతా, మిచు కొన్నారు, ఆఖర్న మెక్సికో కుబేరుడు కార్లోస్ స్లిమ్ వచ్చాడు. 2025లో ఆ జట్టు తిరిగి స్పెయిన్ పై డివిజన్ లా లిగాలోకి వెళ్లింది. మన సొసైటీకి షేర్లే ఉండవు, ప్రైవేటు కంపెనీకి 200 మంది సభ్యుల పరిమితి. ఇది మనకు అయ్యే పని కాదు.

టోర్నమెంట్

పేరు వస్తుంది, డబ్బు అనుకున్నంత రాదు. ప్రైజ్ మనీ, రిఫరీలు, షామియానా, మైకు, అంబులెన్స్ పోగా మిగిలేది కొంచెమే. వర్షం పడితే చేతి చమురు వదులుతుంది. ఏడుగురి జట్లతో రెండు రోజుల్లో ముగించేది, ఎంట్రీ ఫీజులతోనే ఖర్చులు రాబట్టేది అయితే చేయండి. సమోసా, టీ స్టాల్ మాత్రం బయటివాళ్లకు ఇవ్వొద్దు. లక్కీ డ్రా కూపన్లు అమ్మడం ఊళ్లలో మామూలే కానీ ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం భారతీయ న్యాయ సంహిత 297 సెక్షన్ కింద నేరం. బైక్ బహుమతి పోస్టర్ వేసే ముందు అది గుర్తుంచుకోండి.

ఎన్నారై సాయం

ఇక్కడ చూడాల్సింది మనిషి ఎక్కడున్నాడని కాదు, ఏ పాస్‌పోర్టు ఉందని. భారత పౌరుడే అయిన ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో 15 లక్షల ఖర్చు చూపాలి, చిన్న క్లబ్‌కు అందేది కాదు. బూట్లు, బంతులు పంపినా అదే చట్టం. కాబట్టి డాలస్ నుంచి ఫోన్ వస్తే థాంక్స్ చెప్పి, పాస్‌పోర్టు కాపీ అడగండి. మొహమాటపడొద్దు.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

సాయంత్రాలు గ్రౌండ్ చేతిలో ఉండి, ఓపికున్న కోచ్ ఉంటే పిల్లల కోచింగ్, సభ్యత్వం కలిపి నడపండి. 80జి జోలికి పోవద్దు. స్పాన్సర్లు పైన కొసరు.

గ్రౌండ్ లేదు, ఉన్నదల్లా ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారం లీగ్ ఆడే పెద్దవాళ్ల జట్టు అయితే కోచింగ్ మర్చిపోండి. ఆటగాళ్ల చందా పెంచి, ఖర్చు తగ్గించండి. జీతం తీసుకునే కోచ్ స్థానంలో సీనియర్ ఆటగాడు కొన్నాళ్లు చూసుకుంటే ఏడాదికి 1,80,000 మిగులుతుంది. ఏ స్పాన్సరూ అంత ఇవ్వడు. శ్రమదానం కూడా డబ్బే. బెర్లిన్‌లో యూనియన్ క్లబ్ స్టేడియాన్ని 2008-09లో రెండు వేలకు పైగా అభిమానులు తమ చేతులతోనే బాగుచేసుకున్నారు. మనవాళ్లు కనీసం గ్రౌండ్ చదును చేసి సున్నం గీతలు వేయలేరా?

ఊళ్లో ఉన్న క్లబ్‌కు దుకాణాలు తక్కువ, పట్నంలో స్థిరపడిన ఊరివాళ్లు ఎక్కువ. సంక్రాంతికి అందరూ ఇళ్లకు వస్తారు. ఏడాది చందా అప్పుడే ఒక్కసారి తీసుకుని, కనుమ నాడు పాత జట్టుకూ కొత్త జట్టుకూ మ్యాచ్ పెట్టండి.

పెద్ద బాకీ నెత్తిన ఉన్నవాళ్లు ముందు అప్పిచ్చినవాళ్లతో మాట్లాడండి. వాయిదాలకు ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. మిగిలిన మొత్తానికి మాత్రమే ఆన్‌లైన్ విరాళం అడగండి. నెలవారీ లోటుకు దారి దొరక్కుండా బాకీ తీర్చడానికి ఎవర్నీ అడగొద్దు, అది ఇచ్చినవాళ్లను మోసం చేసినట్టే.

ఏ లెక్క వేసినా నెలకు పదిహేను వేలు తేలకపోతే పక్క క్లబ్‌తో కలవడం గురించి ఆలోచించండి. రెండు జట్ల పేర్లూ కలిపి పెట్టుకోవచ్చు, రెండు కమిటీలకూ చోటివ్వొచ్చు. సొసైటీని మూసేయాల్సి వస్తే మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోవడానికి వీల్లేదు, అలాంటి పనే చేసే మరో సంస్థకు ఇవ్వాలి. కలవడమైనా మూయడమైనా, ఆ మాట జనరల్ బాడీలో సీజన్ మధ్యలో ఎత్తితే ఆటగాళ్లు చెల్లాచెదురవుతారు. లీగ్ ఆఖరి మ్యాచ్ అయిపోయిన వారంలో ఎత్తండి, అప్పుడు ట్రాన్స్‌ఫర్లకూ మాటలకూ టైం ఉంటుంది.